టాక్సీ డ్రైవరు లైసెన్సు – వేగము – మన బాధ్యత

(సంఘ వార్షిక సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



నేను ఉర్దూ మీడియం మాస్టరును. ఇరవై ఏళ్ళుగా లెక్కలు చెప్పుకొంటూ బ్రతుకుతున్నాను. నా తెలుగులో ఎక్కడైనా తప్పులు దొర్లితే పిల్లవాడి దస్తూరీ దిద్దినట్లు మనసులో దిద్దుకొని మన్నించండి. ప్రతి సంవత్సరం ఈ సభలో ఆడపిల్లల చదువు గురించో, పెళ్ళిళ్ళలో దుబారా గురించో ఎవరో ఒకరు మాట్లాడుతారు. ఈసారి నేను టాక్సీ డ్రైవరు లైసెన్సు గురించి మాట్లాడతానని చెప్పగా కార్యదర్శిగారు నవ్వి, "అది ఆర్.టీ.ఓ. ఆఫీసు సంగతి గదా మాస్టర్ సాబ్, మన సంఘానికేం పని?" అన్నారు. ఆ పని ఏమిటో చెప్పడానికే నిలబడ్డాను.

మన మన్సూరాబాద్‌లో స్టీరింగు మీద బ్రతికే ఇళ్ళు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. ఒకరిది క్యాబు, ఒకరిది ఆటో, ఒకరిది బడి వ్యాను, ఇంకొకరిది ఆటోనగర్ నుంచి సరుకు తోలే డీసీఎం. తెల్లవారుజామున ఫజర్ నమాజుకు వెళ్ళేటప్పుడు గల్లీలో కారు అద్దాలు తుడుస్తూ కనిపించేది వీళ్ళే. 2008లో విమానాశ్రయం శంషాబాద్‌కు పోయింది, తరువాత ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. దాంతో మన కుర్రవాళ్ళలో చాలామందికి ఇదే రోజీ అయింది. అటువంటి ఇంట్లో గోడకు తగిలించిన చొక్కా జేబులో ఉండే లైసెన్సు కార్డు పోతే, మరునాడు పొయ్యి మీదికి ఏమి ఎక్కాలన్నది పెద్ద ప్రశ్న. అందుకని ఇది మన సంఘం పనే.

ఇక జరిగిన సంగతి చెబుతాను. ఆ కుర్రవాడి పేరు చెప్పను. చెప్పుకోవచ్చని అతడే అనుమతి ఇచ్చాడు.

రెండేళ్ళ క్రితం ఒక శుక్రవారం, అసర్ నమాజు తరువాత, నా దగ్గర పదవ తరగతి చదివిన ఒక శిష్యుడు మా ఇంటికి వచ్చాడు. చదువులో మందకొడి గాని లెక్కలో చురుకు. ఇప్పుడు సొంత కారు, వాయిదాల మీద తీసుకొన్నది, నెలకు 13,000 రూపాయలు కట్టాలి. ఇద్దరు పిల్లలు, తల్లి. చేతిలో ఒక కాగితం ఉన్నది. లైసెన్సు ఇచ్చే అధికారి దగ్గర నుంచి వచ్చిన నోటీసు. "నీవు పరిమితి మించిన వేగముతో నడిపినందున నీ లైసెన్సును ఎందుకు నిలిపివేయరాదో హాజరై చెప్పుకొనుము" అని దాని సారాంశము. 60 కిలోమీటర్ల పరిమితి ఉన్న రోడ్డు మీద 84లో పోతూ స్పీడ్ గన్‌కు చిక్కాడు. అంతకు ముందే కారు నంబరు మీద వేగం చలాన్లు నాలుగు ఉన్నాయి. ఈసారి పోలీసు ఆపి, లైసెన్సు తీసుకొని, రసీదు ఇచ్చి పంపాడట.

"సార్, మీరొక చిట్టీ రాసివ్వండి. నేను మంచివాడినని, ఎప్పుడూ నెమ్మదిగా నడుపుతానని. మీ మాటకు విలువ ఉంటుంది. సంఘం ముద్ర కూడా వేయించండి" అన్నాడు. అంటే సిఫారసు.

నిజం చెప్పాలంటే వెంటనే కాగితం తీశాను. మన శిష్యుడు, మన బస్తీ పిల్లవాడు, ఇంటిమీద వాయిదా ఉంది. కలం తెరిచాక మాత్రం చేయి ఆగింది. నా తరగతిలో మూడవ బెంచీలో ఒక అమ్మాయి కూర్చుంటుంది. కాలనీ రోడ్డు దాటుతుండగా వేగంగా వచ్చిన బండి ఒకటి గుద్ది వెళ్ళిపోయింది. నాలుగు నెలలు బడి పోయింది, కాలు ఇప్పటికీ కుంటే. ఆ బండి ఎవరు నడిపారో నేటికీ తెలియదు. అతనికీ ఒక మాస్టరు ఉండే ఉంటాడు, అడిగితే మంచివాడని చిట్టీ రాసి ఇచ్చే ఉంటాడు అనిపించింది.

కలం మూసి, "బేటా, ముందు లెక్క చేద్దాం, చిట్టీ తరువాత" అన్నాను. పలక లేదు గాని క్యాలెండరు వెనక రాసుకొన్నాము. ఆ లెక్క మీకూ చెబుతాను, ఇంటికి వెళ్ళి మీ పిల్లలకు చెప్పండి.

గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. 84 అంటే సెకనుకు 23 మీటర్లు. ఎదుట పిల్లవాడు కనబడి, మనసుకు తెలిసి, కాలు బ్రేకు మీదికి వెళ్ళేసరికి మనిషికి ఒక సెకను పడుతుంది. ఆ సెకను బండి తన వేగంతోనే పోతూ ఉంటుంది. బ్రేకు పడ్డాక పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, 60లో ఉన్న కారు ఇంకొక 20 మీటర్లకు ఆగుతుంది. మొత్తం 37 మీటర్లు. 84లో ఉన్న కారుకు బ్రేకు తరువాత 39 మీటర్లు కావాలి, ఎందుకంటే వేగం పెరిగితే ఆగే దూరం వర్గము చొప్పున పెరుగుతుంది. మొత్తం 62 మీటర్లు.

అంతవరకు అతడు తల ఊపాడు. "ఇప్పుడు చెప్పు. 60లో వచ్చిన కారు పిల్లవాడి ముందు సరిగ్గా 37 మీటర్ల దగ్గర ఆగిపోయింది. పిల్లవాడు బ్రతికాడు. అదే చోటికి వచ్చేసరికి నీ కారు వేగం ఎంత?" అని అడిగాను. "ఇరవై ఉంటుందేమో సార్" అన్నాడు. చేసి చూస్తే 68 వచ్చింది. అంటే అవతలివాడు ఆగిన చోట ఇతడు ఇంకా 60 దాటి పోతూనే ఉన్నాడు. కుర్రవాడు రెండుసార్లు లెక్క చేసుకొన్నాడు. రెండుసార్లూ అదే వచ్చింది.

"ఇంతకూ నీకు మిగిలిందెంత?" అని అడిగాను. పది కిలోమీటర్లకు 60లో పది నిమిషాలు, 84లో ఏడు నిమిషాల చిల్లర. మూడు నిమిషాలు కూడా మిగలలేదు. అదీ మధ్యలో ఒక్క సిగ్నలు కూడా లేకపోతే. మన ఎల్.బి. నగర్ చౌరస్తాలో ఆ మూడు నిమిషాలు ఒక్క ఎర్రదీపం మింగేస్తుంది.

ఇప్పుడు చట్టం మాట. మనవాళ్ళు చాలామంది నోటీసు రాగానే దళారి దగ్గరికి పరుగెత్తుతారు. కాగితం చదవరు. అందుచేత కొంచెం విపులంగా మనవి చేస్తాను.

పాత మోటారు వాహనాల చట్టం 1939 నాటిది. దాని స్థానంలో 1988 చట్టం వచ్చి 1989 జూలై 1 నుంచి అమలయింది. అందులో 19వ సెక్షను లైసెన్సు అధికారికి రెండు అధికారాలు ఇచ్చింది. కొంతకాలం లైసెన్సు కలిగి ఉండడానికి అనర్హుడని చెప్పడం ఒకటి, లైసెన్సే రద్దు చేయడం రెండవది. ఎవరి మీద? తాగుబోతు, బండితో నేరం చేసినవాడు, ప్రజలకు ప్రమాదకరంగా నడిపేవాడు, ఇట్లా జాబితా ఉంది. ప్రమాదకరమైన పనులేవో 1989 కేంద్ర నిబంధనలలో 21వ నిబంధన చెబుతుంది. ప్రయాణికుణ్ణి కొట్టడం, సామాను దొంగిలించడం, బండిలో మితిమీరి ఎక్కించుకోవడం వంటి వాటి పక్కనే పరిమితి మించిన వేగమూ ఉన్నది. అంటే చట్టం దృష్టిలో వేగం చిన్న తప్పు కాదు. దొంగతనం ఉన్న వరుసలోనే దానికీ చోటిచ్చింది.

తరువాత 2015 ఆగస్టులో, సుప్రీం కోర్టు రోడ్డు భద్రత కోసం వేసిన కమిటీ, అన్ని రాష్ట్రాలకూ ఆదేశం పంపింది. వేగం, ఎర్రదీపం దాటడం, తాగి నడపడం, నడుపుతూ ఫోను మాట్లాడడం వంటి తప్పులకు కనీసం మూడు నెలలు లైసెన్సు నిలిపివేయమన్నది. మన తెలంగాణలో 2017 ఆగస్టులో పాయింట్ల పద్ధతి ప్రవేశపెట్టారు. 24 నెలలలో 12 పాయింట్లు చేరితే సంవత్సరం పాటు లైసెన్సు పోయేటట్లు నియమం చేశారు. ఆ పైన 2019లో పార్లమెంటు చట్టాన్నే సవరించింది. ఆ సవరణ ప్రకారం వేగం కేసులో పోలీసు అధికారి లైసెన్సు తీసుకొని లైసెన్సు అధికారికి పంపాలి. ఆ అధికారి డ్రైవరు మాట విని, తృప్తి చెందితే వదిలివేయవచ్చు. లేదా కారణాలు వివరంగా రాసి, మొదటిసారి అయితే మూడు నెలలు నిలిపివేయవచ్చు, రెండవసారి అయితే రద్దు చేయవచ్చు. నిలిపివేసిన లైసెన్సు తిరిగి చేతికి రావాలంటే రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేయాలి.

ఇక్కడొక మెలిక ఉన్నది, దయచేసి గుర్తుంచుకోండి. మామూలుగా పోలీసు కాగితాలు తీసుకొని ఇచ్చే రసీదుతో కొన్నాళ్ళు బండి నడుపుకోవచ్చు. కాని 2019 సవరణ కింద లైసెన్సు పంపినప్పుడు ఇచ్చే రసీదు అటువంటిది కాదు. లైసెన్సు తిరిగి వచ్చేవరకు దానితో నడపకూడదు. నా శిష్యుడు ఆ రసీదును అద్దానికి అంటించుకొని పదకొండు రోజులు విమానాశ్రయం ట్రిప్పులు వేశాడు! ఆ మాట విని నాకు వణుకు పుట్టింది. ఆ రోజులలో ఏదైనా ప్రమాదం జరిగి ఉంటే బీమా కంపెనీ ముందు పరిహారం కట్టినా, తరువాత ఆ సొమ్ము ఇతని దగ్గరే వసూలు చేసుకొనేది. ఇంటి పట్టా ఉన్నవాడికి ఇల్లు, లేనివాడికి జీవితం, రెండూ పోయేవి. ఇక అనర్హుడని ఉత్తర్వు వచ్చాక నడిపితే 182వ సెక్షను కింద మూడు నెలల వరకు జైలు గాని, పదివేల రూపాయల జుర్మానా గాని, రెండూ గాని పడవచ్చు.

డ్రైవరుకు చట్టం ఇచ్చిన రక్షణ కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. "చాలా స్పీడుగా పోయాడు" అని ఒక సాక్షి తన అంచనాతో చెప్పిన మాట ఒక్కటే శిక్షకు చాలదు, యంత్రం కొలిచిన లెక్క కావాలి. విచారణ లేకుండా లైసెన్సు తీయకూడదు. కారణాలు రాయకుండా ఉత్తర్వు ఇవ్వకూడదు. ఉత్తర్వు అందిన 30 రోజులలో పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. కెమెరా పట్టిన తప్పు అయితే 15 రోజులలో నోటీసు పంపాలని 2021లో నిబంధన వచ్చింది. బండి యజమాని ఒకరు, నడిపేవాడు ఒకరు అయిన చోట, తన కింద పనిచేసేవాడిచేత వేగంగా నడిపించిన యజమానికి కూడా అదే శిక్ష. "ఇంత సమయంలో చేరాలి" అని హుకుం ఇచ్చి, ఆ సమయంలో చేరడం పరిమితికి లోబడి సాధ్యం కాదని కోర్టుకు తోస్తే, ఆ హుకుమే హుకుం ఇచ్చినవాడి మీద సాక్ష్యం అవుతుంది. బళ్ళు కిరాయికి తిప్పే మన సభ్యులు ఈ మాట చెవిన వేసుకోవాలి.

మళ్ళీ సిఫారసు దగ్గరికి వస్తాను. ఆ రాత్రి మా ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. నా భార్య, "ఒక చిట్టీ రాస్తే మీ సొమ్మేం పోతుంది? వాళ్ళమ్మ నాకు ఆపా లాంటిది, రేపు ఎట్లా ముఖం చూపించాలి?" అన్నది. న్యాయమైన మాటే. నేను ఆమెకు ఒక్క సంగతే చెప్పాను. ఆ చిట్టీలో "ఎప్పుడూ నెమ్మదిగా నడుపుతాడు" అని రాస్తే అది అబద్ధం. అబద్ధం రాసి ముద్ర వేస్తే, రేపు అతని బండి కింద ఎవరైనా పడితే ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉంటుంది. మనలో సిఫారసు మంచి పనికైతే పుణ్యంలో వాటా, చెడ్డ పనికైతే పాపంలో వాటా అని చిన్నప్పటి నుంచి వింటున్నదే.

ఇంకొక సంగతి ఆమెకు చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను. ఒక రంజాన్ నెలలో సాయంత్రం ఇఫ్తారుకు పావుగంట ఉండగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఆటో ఎక్కాను. "భాయ్, జల్ది పోనీ, రోజా విప్పాలి" అని మూడుసార్లు అన్నాను. అతడు పాపం గుంటలు కూడా చూడకుండా తోలాడు. ఒక సైకిలు అతను వెంట్రుకవాసిలో తప్పించుకొన్నాడు. నేను ఆ ఆటోవాడికి పది రూపాయలు ఎక్కువ ఇచ్చి మెచ్చుకొన్నాను. ఆ పది రూపాయలు దేనికి ఇచ్చానో ఇప్పుడు తలచుకొంటే సిగ్గు వేస్తుంది. డ్రైవరు కాలు మాత్రమే యాక్సిలరేటరు మీద ఉంటుంది. వెనక కూర్చున్నవాడి మాట, యజమాని కిరాయి, బ్యాంకు వాయిదా, "ఇన్ని ట్రిప్పులు వేస్తే ఇంత బోనసు" అనే ఫోను, ఇవన్నీ ఆ కాలిని తొక్కుతుంటాయి.

మరునాడు పొద్దున కుర్రవాణ్ణి పిలిచి, "నేను చిట్టీ రాయను. కాని నీతో వస్తాను. నీ జవాబు నిజంగా ఉండాలి, నేను రాయడంలో సాయం చేస్తాను" అన్నాను. అతని ముఖం చిన్నబోయింది. కొంచెం కోపం కూడా వచ్చినట్లుంది. లేచి వెళ్ళిపోతాడేమో అనుకొన్నాను. కాసేపు ఊరకుండి, "సరే రాయండి సార్" అన్నాడు.

జవాబులో దాచిందేమీ లేదు. 84లో పోయిన మాట నిజమని, పాత చలాన్లు నాలుగిటిలో మూడు తనవేనని, ఒకటి బావమరిది నడిపినప్పటిదని, పన్నెండేళ్ళలో మనిషికి దెబ్బ తగిలిన ప్రమాదం ఒక్కటీ లేదని, రసీదు సంగతి తెలియక పదకొండు రోజులు నడిపానని, తెలిసిన రోజునుంచి బండి ఇంటి ముందే ఉందని, ఇకముందు ఏం చేస్తాడో అదీ రాశాము. పదకొండు రోజుల సంగతి రాయవద్దని అతని స్నేహితులు గోల పెట్టారు. అది నేనూ రాయమని బలవంతం చేయలేదు. అతడే, "సగం నిజం రాస్తే మిగతా సగం అడుగుతారు సార్" అని రాయించాడు.

విచారణ రోజున ఆ అధికారి కాగితం రెండుసార్లు చదివి, నా వైపు చూసి, "మీరు లాయరా?" అని అడిగాడు. "కాదు, లెక్కల మాస్టరును" అన్నాను. అప్పుడు కుర్రవాణ్ణి అడిగాడు: "పిల్లలున్నారా?" ఉన్నారన్నాడు. "వాళ్ళు బడికి నడిచిపోతారా?" అవునన్నాడు. అంతే. మూడు నెలలు నిలిపివేస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. కారణాలు రాసి ఇచ్చాడు. అప్పీలుకు పోవచ్చునని కూడా చెప్పాడు. మేము పోలేదు.

బయటికి రాగానే నా శిష్యుడు అడిగిన ప్రశ్నే ఈ ఉపన్యాసానికి మూలం. "సార్, నా పిల్లల రోటీ గురించి ఆయన ఒక్క మాట అడగలేదు. చట్టానికి కడుపు లేదా?" అన్నాడు.

ఈ ప్రశ్న మన ఒక్క ఊరిది కాదు. ఇంగ్లండులో టాక్సీవాళ్ళకు మామూలు లైసెన్సు కాక స్థానిక కౌన్సిలు ఇచ్చే ఇంకొక లైసెన్సు ఉంటుంది. దానికి మనిషి "తగినవాడు, యోగ్యుడు" అయి ఉండాలి. 2002లో లీడ్స్ నగరానికి చెందిన ఒక కేసులో అక్కడి హైకోర్టు ఇదే సంగతి చూసింది. లైసెన్సు ఆపితే డ్రైవరు కుటుంబానికి కలిగే కష్టం సాధారణంగా లెక్కలోకి రాదు, ప్రయాణికులకు ప్రజలకు రక్షణ ఉన్నదా లేదా అన్నదే చూడాలి అని తీర్పు చెప్పింది. మన సుప్రీం కోర్టు కూడా 2000 సంవత్సరంలో, నిర్లక్ష్యపు డ్రైవింగుతో ప్రాణం తీసిన ఒక డ్రైవరు శిక్ష తప్పించి మంచి నడవడి హామీ మీద వదలమంటే ఒప్పుకోలేదు. వృత్తిగా బండి నడిపేవాడు ఒక్క క్షణం కూడా ఏమరుపాటు తనకు చెల్లదని ఎరిగి ఉండాలి అన్న భావం ఆ తీర్పులో ఉన్నది.

వినడానికి కఠినంగానే ఉంటుంది. ఒక్క క్షణం తిరగేసి చూడండి. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. 2023లో 1,72,890 మంది. 2022లో చనిపోయినవారిలో నూటికి 71 మంది పైగా మితిమీరిన వేగం వలన పోయినవారే అని ప్రభుత్వం లెక్క. ఆ ఇళ్ళలోనూ రోటీ సంపాదించేవాడే పోయి ఉంటాడు. అధికారి ఒక ఇంటి కడుపు చూసి జాలిపడితే, రేపు పడిపోయే ఇల్లు ఆయన బల్ల ముందుకు వచ్చి మొరపెట్టుకోలేదు. అది ఇంకా జరగలేదు గదా.

అయితే రోటీ ప్రశ్న అబద్ధమా? కాదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినది లైసెన్సు అధికారి కాదు, మనం. ఈ సంఘం. నేను మనవి చేయదలచిన ముఖ్యమైన మాట ఇదే. లైసెన్సు ఆఫీసులో తప్పును కప్పిపుచ్చే చిట్టీ ఇవ్వడం మన సాయం కాకూడదు. ఆ మూడు నెలలు ఆ ఇంట్లో పొయ్యి ఆరకుండా చూడడం మన సాయం కావాలి.

నా శిష్యుడి విషయంలో ఏం జరిగిందో చెబుతాను. మన బైతుల్‌మాల్ నుంచి కర్జె హసనా, అంటే వడ్డీ లేని అప్పు, ఇవ్వమని కార్యవర్గాన్ని అడిగాను. ఒక పెద్దమనిషి లేచి, "విధవలకు ఇవ్వడానికే డబ్బు చాలడం లేదు, చట్టం తప్పినవాడికి ఇస్తామా?" అన్నారు. ఆయన మాటలో బలం ఉంది. నేనూ ఒప్పుకొన్నాను. దానం వద్దు, అప్పే ఇవ్వండి, సగం వాయిదాకు సరిపడినంతే ఇవ్వండి, లైసెన్సు తిరిగి వచ్చిన నెలనుంచి తిరిగి కట్టాలి, మళ్ళీ వేగం చలాను వస్తే ఇంకెప్పుడూ ఇవ్వకండి అని షరతు పెట్టాము. ఆ పెద్దమనిషే చివరకు తన జేబులోంచి మొదటి వెయ్యి ఇచ్చారు. మూడు నెలలు కుర్రవాడు ఆటోనగర్‌లో ఒక మెకానిక్ దగ్గర బ్రేకుల పనిలో చేయి సాయం చేశాడు. భార్య కుట్టుపని ఎక్కువ చేసింది. పెద్ద పిల్లవాడి ట్యూషను మాన్పించారు, నేను ఇంట్లో చెప్పాను. సుఖంగా గడిచిందని చెప్పను. రెండవ నెలలో వాయిదా ఒకటి తప్పింది, ఫైనాన్సువాడు ఇంటికి వచ్చి నలుగురిలో మాట అన్నాడు. తల్లి మందులు ఒక వారం ఆగినవి. అదంతా చూశాను. అయినా అతడు ఒక్కనాడు కూడా కారు తాళం తీయలేదు. ఆ అప్పు మొన్న షాబాన్ నెలతో తీరిపోయింది.

ఇప్పుడు అతడు ఎట్లా నడుపుతాడు? ఒకనాడు అతని కారులోనే పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటరు ఎక్కి విమానాశ్రయానికి పోయాను. 2023 నుంచి ఔటరు మీద లోపలి వరుసలలో 120 వరకు పోవచ్చు. అక్కడ అతడు హాయిగా 100లో పోయాడు. తిరిగి వచ్చి మన కాలనీ రోడ్డు ఎక్కగానే 30కి దించాడు. వెనక ఒక బైకువాడు హారను మీద హారను. "కొట్టుకోనీ సార్, వాడికి లెక్కలు రావు" అన్నాడు.

ఇక కొన్ని ఫిర్యాదులు ప్రభుత్వం వైపు కూడా చెప్పాలి. చలాను బండి నంబరు మీద వస్తుంది, నడిపినవాడి లైసెన్సు మీదికి పోదు. కిరాయి బండి నడిపే కుర్రవాడు వేగంగా పోతే యజమాని కట్టి జీతంలో కోస్తాడు, అంతటితో సరి. తప్పు చేసినవాడికి తన తప్పు తన పేరు మీద కనిపించదు. 2022లో ఒకసారి, 2023 డిసెంబరులో మరొకసారి పాత చలాన్లకు పెద్ద రాయితీ ఇచ్చారు. పేదవాడికి ఊరటే, నేనూ నా స్కూటరు మీదున్నది అప్పుడే కట్టుకొన్నాను. కాని దానివలన మనవాళ్ళకు చలాను అంటే హెచ్చరిక అన్న భావం పోయింది. నల్లా బిల్లు లాగా "ఆగుదాం, రాయితీ వస్తుంది" అంటున్నారు. నాలుగు హెచ్చరికలు అట్లా పోగుపడి, అయిదవది లైసెన్సు నోటీసై వచ్చినప్పుడు గుండె పట్టుకొంటారు. మొదటి చలానుకే మనసు పెట్టి ఉంటే నా శిష్యుడికి ఆ మూడు నెలలు వచ్చేవి కావు.

చివరగా డ్రైవరు సోదరులకు నాలుగు మాటలు, సంఘానికి రెండు మాటలు చెప్పి ముగిస్తాను.

సోదరులారా! నెలకొకసారి మీ బండి మీద చలాన్లు ఫోనులో చూసుకోండి. మీరు నడపనిది ఉంటే అప్పుడే తేదీ, నడిపినవారి పేరు రాసిపెట్టుకోండి. నోటీసు వస్తే దాచకండి, దళారికి ఇవ్వకండి, హాజరు తేదీ తప్పకండి. లైసెన్సు పోలీసు తీసుకొంటే ఏ సెక్షను కింద తీసుకొన్నారో రసీదు మీద చదవండి, చదవడం రాకపోతే నా దగ్గరికి రండి. ప్రయాణికుడు తొందరపెడితే, "సాబ్, మిమ్మల్ని క్షేమంగా దింపడం నా పని" అని మర్యాదగా చెప్పండి. మీ బండిలో కూర్చున్నవాడు దిగేవరకు మీ దగ్గర ఉన్న అమానతు.

సంఘం పెద్దలారా! మొదటిది, ఇకముందు మన ముద్రతో ఎవరికీ లైసెన్సు విషయంలో సిఫారసు చిట్టీ పోకూడదని తీర్మానం చేయండి. కావాలంటే మనిషిని తోడు పంపండి. రెండవది, లైసెన్సు నిలిచిపోయిన ఇళ్ళకు మూడు నెలల అప్పు కోసం బైతుల్‌మాల్‌లో ఒక చిన్న పద్దు వేరుగా తెరవండి. షరతులు గట్టిగానే పెట్టండి. నా వంతుగా 2,000 రూపాయలు ఈ కవరులో తెచ్చాను. దానితోపాటు ఇంకొక 500 ఉన్నది. అది నాది కాదు. అప్పు తీరిపోయినవాడు పంపినది, పేరు రాయవద్దని చెప్పాడు.

 ఖుదా హాఫిజ్. బయట చీకటి పడింది, నెమ్మదిగా వెళ్ళండి.